భామ జడ

పెట్టె మూత ఎత్తేసరికి భామ జడ రెండు ముక్కలై ఉంది.

సంజీవరావు మూత దించేశాడు. గ్రీన్‌రూమ్ తలుపు మూసి, గడియ పెట్టి వచ్చి మళ్ళీ ఎత్తాడు. రెండు ముక్కలే. పైముక్కకి తల వెనక పెట్టే రాగిడి, సూర్యుడు, చంద్రుడు ఉన్నాయి. కిందిముక్కకి బిళ్ళలు, కొసన వేలాడే కుప్పెలు ఉన్నాయి. మధ్యలో పదునైన కత్తెర తిరిగిన జాడ. సవరం వెంట్రుకలు చీపురుకట్ట చివరల్లా సమంగా తెగి ఉన్నాయి.

బయట గవర్నర్‌పేట రోడ్డు మీద మైకు కట్టిన రిక్షా తిరుగుతోంది. "రండి, ఈ శనివారం, వేణునాద మందిరం రజతోత్సవం! మద్రాసు విద్వాంసుల గానకచేరి! కుమారి మాణిక్యం భామ వేషం!" స్టేజీ మీద ఎలక్ట్రీషియన్లు లైట్లు వేసి ఆపుతున్నారు. వేసినప్పుడల్లా గ్రీన్‌రూమ్ తలుపు సందులోంచి ఎర్రగా, ఆకుపచ్చగా వెలుతురు పడుతోంది. ఈరోజు బుధవారం.

సంజీవరావు ఈ మందిరానికి మేనేజరు. పొగాకు గోడౌన్ గోడలు పడగొట్టి హాలు కట్టిన రోజుల నించీ ఇక్కడే ఉన్నాడు. రేకుల కప్పు మీద వాన పడుతుంటే గాయకుడు వానతో పోటీగా రాగం అందుకున్న సంగతి, కృష్ణ పొంగి గేటు దాకా నీళ్ళొస్తే జనం చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్న సంగతి అతను ఎవరికైనా చెప్పగలడు. సినిమా వాళ్ళు హాలు అద్దెకడిగితే కమిటీ తలుపు మూసిన సంగతి కూడా. కానీ ఇలాంటి సంగతి చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

జడంటే సామాను కాదు. భామాకలాపం మొదట్లో ఇద్దరు మనుషులు చేతితెర పట్టుకుంటారు. తెర వెనక నించి భామ తన జడ విసిరి, సభకి కనపడేలా తెర మీద వేస్తుంది. ఈ విద్యలో నన్ను గెలవగలవాళ్ళు మీలో ఉంటే లేవండి, గెలిస్తే ఈ జడ కోసుకుపోండి, అని ఆ విసురుకి అర్థం. వేణునాద మందిరంలో ఇంతవరకూ ఎవరూ లేవలేదు. ప్రారంభోత్సవం రోజున భామ వేషంలో కాశీరావు జడ వేస్తే ముందు వరసలో ఒక పండితుడు సగం లేచి, చుట్టూ చూసి, ఉత్తరీయంతో మొహం తుడుచుకుని కూర్చున్నాడని బెజవాడలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

తెగిన జడంటే ఓడిన జడ. అదీ రజతోత్సవానికి ముందు.

సంజీవరావు ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు.

*

కమిటీ ప్రెసిడెంటు బసవపున్నయ్య కంకిపాడు మిల్లు నించి కారులో వచ్చాడు. తెల్లటి పంచె అంచుకి తవుడు అంటుకుని ఉంది. పెట్టెలోకి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకోసారి చూశాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"మనిద్దరికేనండి."

"మూడోవాడికి తెలీకూడదు. మా అమ్మాయి మాణిక్యానికి అసలే తెలీకూడదు. ఇప్పుడే గుడివాడలో అమ్మమ్మ దగ్గర దీవెనలు తీసుకోడానికి వెళ్ళింది. శుక్రవారం వస్తుంది. ఇది వింటే దాని కాళ్ళు కదలవు."

"జడ అడిగితేనండీ?"

"మెరుగు పెట్టించడానికి కంసాలికిచ్చామని చెప్పు. ఈలోపల కొత్తది కట్టిద్దాం. అది కాదు సంజీవరావ్, ఈ పని ఎవడు చేశాడు?"

సంజీవరావు ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. కారు వచ్చేలోపల అతను ముక్కల్ని కిటికీ దగ్గర పెట్టి బాగా పరిశీలించాడు. అపరాధ పరిశోధన నవలలు అద్దెకి తెచ్చుకుని చదివే మనిషి. చేతిలోకి ఒక ముక్క తీసుకుని, తెగిన చోటు చూపించాడు.

"ఇది చూడండి సార్. కోసినవాడు కోసి పారెయ్యలేదు. వెంట్రుకలు ఊడిపోకుండా రెండు కొసలకీ ఎర్రదారం చుట్టి ముడేశాడు. పగతో చేసేవాడికి అంత ఓపికుంటుందా? పైగా ఈ ముడి మామూలు ముడి కాదు. లాగేకొద్దీ బిగుస్తుంది."

అన్నాక అతనికి తన తెలివికి తనకే ముచ్చటేసింది. బసవపున్నయ్య ముడి మీద బొటనవేలు పెట్టి లాగాడు. బిగిసింది.

"ఇది వల ముడి," అన్నాడు మెల్లిగా. "మా పొలం పక్కన కాలవలో వలలు కట్టేవాళ్ళు వేస్తారు. నీ మందిరంలో వల కట్టే చెయ్యి ఎవరిది?"

ఆ చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు. చెప్పనక్కర్లేదు. బందరు దగ్గర గిలకలదిండిలో వలల మధ్య పుట్టి, వీధి భాగవతుల వెంట తిరిగి భామ వేషం నేర్చి, ఈ స్టేజీ మీద మొట్టమొదటి జడ వేసిన మనిషి ఒకడే ఉన్నాడు. ఇప్పుడు అతనే గ్రీన్‌రూమ్‌లో బట్టలు చూసుకుంటాడు, మొహాలకి రంగులు వేస్తాడు, మాణిక్యానికి ఆట నేర్పుతాడు.

"కాశీరావు అలాంటివాడు కాదండి."

"కాంటీన్లో ఏమనుకుంటున్నారో నాకు తెలీదనుకున్నావా? కాశీరావుండగా ఇంకోళ్ళకి జడేంటని అంటున్నారంట. విన్నవాడికి ఆశ పుట్టదూ? పిలువు వాణ్ని."

తన నోటితో తానే దారి చూపించానని సంజీవరావుకి అప్పుడు తట్టింది.

కాశీరావు ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతూ ఊదుతూ వచ్చాడు. నుదుటి మీద బూడిద. సన్నటి మనిషి, వయసు మీద పడ్డా నడుములో ఆ వేషాల ఒంపు పోలేదు. పెట్టె వైపు చూశాడు. ఇస్త్రీ పెట్టె గడప మీద ఆనించి, రెండు చేతులూ పంచెకి తుడుచుకుని, ముక్కల్ని తీశాడు. తెగిన చోట బొటనవేలితో నిమిరాడు. ముడి చూశాడు.

అతని పెదవి చివర నవ్వు మొలిచింది. మరుక్షణం పోయింది. కానీ సంజీవరావు చూశాడు. బసవపున్నయ్య కూడా చూశాడు.

"నవ్వొస్తోందా?"

"లేదండి."

"నువ్వే కోశావా?"

"నేను కొయ్యలేదండి."

"మరి ఎవరు?"

కాశీరావు జడముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టెలో పెట్టి, పట్టుగుడ్డ సర్దాడు. "నేను కొయ్యలేదన్నానుగా. అంతవరకే నేను చెప్పగలను."

"అంటే తెలుసన్నమాట."

కాశీరావు పెట్టె మూత వేశాడు.

"చూడు కాశీరావ్," బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు. "శనివారం నీకు శాలువా కప్పుదామనుకున్నాం. అది పోయింది. కోసినవాడెవడో తేలేదాకా నువ్విక ఈ గేటు దాటి లోపలికి రావద్దు. శనివారం తెర లేచేలోపల తేలకపోతే ఎప్పటికీ రావద్దు."

కాశీరావు వంగి ఇస్త్రీ పెట్టె తీసుకున్నాడు. మణెమ్మ ఊడుస్తున్న వరండాలో దాన్ని దించి, "బొగ్గులు ఆర్పెయ్యి తల్లీ, పావడాలు ఇంకో రెండు మిగిలినయ్యి," అని చెప్పి, చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

*

గురువారం పొద్దున సంజీవరావు సైకిలేసుకుని భవానీపురం వెళ్ళాడు. కాశీరావు ఇల్లు కృష్ణ ఒడ్డుకి దగ్గర. వాకిట్లో అరుగు మీద కాలి బొటనవేలికి వల తగిలించుకుని కాశీరావు చిరుగులు కడుతున్నాడు. పక్కనే అతని భార్య పేరమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. సైకిల్ చూడగానే అందుకుంది.

"వచ్చారా మేనేజరుగారూ. రండి. మా ఆయన దొంగంట కదా, కట్టేసి తీసుకుపోడానికి తాడు తెచ్చారా, ఇంట్లో ఉన్నది ఇమ్మంటారా?"

"అట్టా అనమాకమ్మా."

"నేనంటే తప్పొచ్చింది. మీరంటే న్యాయం. ఈయన మొహానికి మీసమన్నది ఎరుగునా? ఆ మందిరం కోసం గొరిగేసుకుని గొరిగేసుకుని, మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఈయన్ని చూసి, మీ అక్కగారా అమ్మా అని నన్నడిగేవాళ్ళు."

కాశీరావు నవ్వాడు. "కాఫీ పెట్టు పేరమ్మా."

"పెడతాను. చక్కెర మాత్రం వెయ్యను."

ఆమె లోపలికి వెళ్ళాక సంజీవరావు అరుగు మీద కూర్చున్నాడు. "ముడి సంగతి పైకి తీసింది నేనే కాశీరావూ. బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడు చెప్పు, ఎవరు?"

"మీకెందుకండీ."

"నాకెందుకా? నువ్వు లేని గ్రీన్‌రూమ్ నేను చూడలేను. నువ్వు పేరు చెబితే నేను నడిపించుకొస్తాను."

కాశీరావు చెక్కబద్ద మీద దారం తిప్పి, వల కన్ను బిగించి, పళ్ళతో కొరికాడు. "పేరు చెప్పాలంటే దాని వెనక ఇంకో మాట చెప్పాలండి. ఆ మాట నా నోటితో అనుకోకూడదు. సొంత డబ్బా అవుద్ది."

"అర్థం కాలేదు."

"కాకపోతే మంచిది." తల ఎత్తి నదివైపు చూశాడు. "ఒకటి మాత్రం చెప్తాను. ఆ జడ కొయ్యడం తప్పు కాదండి. దానికో రూలుంది. రూలు ప్రకారమే జరిగింది."

పేరమ్మ కాఫీ తెచ్చింది. చక్కెర వేసే ఉంది.

తిరిగి వస్తూ సంజీవరావు వంతెన దగ్గర సైకిల్ దిగి నడిచాడు. రూలు ప్రకారం జరిగిందంటే ఎవరో భామని గెలిచారు. ఎక్కడ? ఎప్పుడు? మాణిక్యం ఇంకా సభలో జడే వెయ్యలేదు. గెలిచినవాడు జడ కోసుకుని పోతాడు గానీ, ముడేసి పెట్టెలో దాస్తాడా? ఎటు తిప్పినా చిక్కు విడలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం మాణిక్యం గుడివాడ నించి దిగింది. చీర కొంగు నడుముకి దోపి, స్టేజీ మీదికి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. మద్రాసు నించి వచ్చిన మృదంగం ఆయన ఇంకా భోజనం చేస్తున్నాడు.

"మాస్టారు ఏరండీ సంజీవరావుగారూ?"

"ఊరెళ్ళాడమ్మా. గిలకలదిండి. ఎవరికో బాగాలేదంట."

"రేపు ఆట పెట్టుకునా?" ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి. "జడ చూశారా మీరు? పెట్టె తీశారా?"

"కంసాలికిచ్చాం. మెరుగుకి."

మాణిక్యం అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి, స్టేజీ కింద ముందు వరస కుర్చీలో కూర్చున్న తండ్రిని చూసి ఊరుకుంది. గజ్జెల మూట విప్పి నేల మీద కూర్చుంది.

సంజీవరావు వెళ్ళిపోబోతూ ఆగిపోయాడు. ఆమె గజ్జెపట్టీ కాలికి చుట్టి, దారం రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వేసి, ఉంగరం తిప్పి, కిందనించి లాగింది. రెండు వేళ్ళు, ఒక విసురు. ముడి బిగిసింది.

"ఆ ముడి ఎవరు నేర్పారమ్మా?"

"మాస్టారేగా. ఇదైతే ఎంత తొక్కినా జారదంటారు. వలకి ఇదే వేస్తారంట."

సంజీవరావు మెట్లు దిగాడు. ముందు వరసలోకి నడిచి, బసవపున్నయ్య పక్కన వంగి, చెవిలో చెప్పాడు. ఆ ముడి ఇంకొకళ్ళకీ వచ్చు. ఆ ఇంకొకళ్ళు ఎవరో కూడా చెప్పాడు.

బసవపున్నయ్య మెడ తిప్పకుండానే అన్నాడు. "నీకు మతి పోయిందా? ఈ జడ తల మీద ఎప్పుడెక్కుతుందా అని చిన్నప్పటి నించీ కలవరించిన పిల్ల. తన జడ తనే కోసుకుంటుందా? వాణ్ని తప్పించడానికి నా కూతురి మీదికి తెస్తున్నావు. ఈ మాట ఇంకోసారి నీ నోట్లోంచి వస్తే కాశీరావు వెనకే నువ్వూ."

సంజీవరావుకి కూడా అది నమ్మేట్టు లేదు. ఎందుకు కోసుకుంటుంది? అతను ఆఫీసు గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాడు. పట్టుగుడ్డలో జడముక్కలు అలాగే ఉన్నాయి. పక్కన అట్టపెట్టెలో కొత్త జడ. వన్‌టౌన్‌లో రెండు రోజుల్లో కట్టించింది, జిగురు వాసన వేస్తోంది. స్టేజీ మీద గజ్జెలు మోగుతున్నాయి. మధ్యలో ఒకచోట ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ అక్కడే ఆగుతున్నాయి.

*

శనివారం సాయంత్రానికి గవర్నర్‌పేటలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఉయ్యూరు బస్సులు, బందరు బస్సులు నిండుగా వచ్చి ఖాళీగా పోతున్నాయి. రేడియోవాళ్ళు స్టేజీకి అటూ ఇటూ తమ మైకులు పెట్టారు. మామిడాకుల తోరణాల కింద మల్లెదండలు అమ్మేవాళ్ళు గేటు దాకా జరిగారు. టిక్కెట్లు అయిపోయాయన్నా జనం కదలడం లేదు. కుర్చీ వద్దు, గోడ చాలు, నిలబడి చూస్తాం అంటున్నారు. ఎవరిని చూసినా మొహం వెలిగిపోతోంది.

సంజీవరావు గేటు దగ్గర తోపులాట సర్దుతూ తల ఎత్తాడు. రోడ్డవతల సోడా బండి పక్కన కాశీరావు నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా. చేతిలో సోడా ఉంది, తాగడం లేదు. ఇటు చూస్తున్నాడు, ఇటు రావడం లేదు. తెలిసినవాళ్ళు ఎవరో, "ఏం కాశీరావుగారూ, బయటున్నారేంటి?" అంటే, "గాలి కోసం," అన్నాడు.

లోపల మొదటి గంట మోగింది.

సంజీవరావు నిలబడ్డచోటే నిర్ణయించుకున్నాడు. ఆఫీసు గదికి వెళ్ళి, బీరువాలోంచి పట్టుగుడ్డ మూట తీసి, చొక్కా కింద పెట్టుకున్నాడు. గ్రీన్‌రూమ్‌లో మాణిక్యం రంగు వేయించుకుంటోంది, అద్దం వైపు తిరిగి ఉంది. జడ పెట్టెలో సిద్ధంగా ఉంచిన కొత్త జడ తీసి బల్ల కిందికి నెట్టి, మూట అందులో పెట్టి మూత వేశాడు. ఉద్యోగం పోతే పోయింది. బయటికి వచ్చి, ముందు వరసలో అతిథులకి కుర్చీలు చూపిస్తున్న బసవపున్నయ్యతో అన్నాడు.

"సార్, జడకి మీరు హారతివ్వాలంట. అమ్మాయి పిలుస్తోంది."

బసవపున్నయ్య భుజాన కండువా సర్దుకుంటూ వచ్చాడు. మాణిక్యం లేచి నిలబడింది. కళ్ళకి కాటుక చెవుల దాకా తీర్చి ఉంది, నుదుట పాపిటబిళ్ళ, తల వెనక మాత్రం బోసిగా ఉంది. కర్పూరం పళ్ళెం మణెమ్మ చేతిలో ఉంది.

"మూత తియ్యమ్మా," అన్నాడు సంజీవరావు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

ఆమె తీసింది. పట్టుగుడ్డ విప్పింది. రెండు ముక్కలు.

బసవపున్నయ్య మొహం నల్లబడింది. సంజీవరావు వైపు ఒక్క అడుగు వేశాడు. "నిన్ను..."

"ఉన్నాయిగా," అంది మాణిక్యం. ఆమె గొంతులో భయం లేదు, తేలిక ఉంది. "కంసాలికిచ్చామన్నారు. ఆ మాట ఊరికే అన్నారని, మీరెవరూ ఇంకా పెట్టే తియ్యలేదని అనుకున్నాను."

కర్పూరం చిటపటలాడుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు బసవపున్నయ్య. "నువ్వు కంగారు పడతావని దాచాం. ఆ కాశీరావు చేసిన పని. వాణ్ని గేటు బయట పెట్టాను. నువ్వేం..."

"మాస్టార్నా?" ఆమె ముక్కల మీంచి తల ఎత్తింది. "ఊరెళ్ళారన్నారుగా."

"రోడ్డవతల సోడా బండి దగ్గరున్నాడమ్మా," అన్నాడు సంజీవరావు. "బుధవారం నించీ లోపలికి రానివ్వలేదు. తెర లేచేలోపల కోసినవాళ్ళు తేలకపోతే ఎప్పటికీ రాకూడదన్నారు."

"ఆయన ఏం చెప్పారు?"

"నేను కొయ్యలేదన్నాడు. ఇంకేం చెప్పలేదు."

రెండో గంట మోగింది. హాల్లో గుసగుసలు సద్దుమణిగి, ఎక్కడో పిల్ల ఏడ్చి ఊరుకుంది. మాణిక్యం జడముక్కలు రెండూ ఎడమచేతిలోకి తీసుకుని, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎవర్నడిగారు నాన్నా మీరు? అందర్నీ అడిగుంటారు, నన్ను తప్ప. మంగళవారం సాయంత్రం ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేనూ మాస్టారే ఉన్నాం. తెర లేదు గదా అని ఆ తాడు మీద పంచె ఆరేసుంటే దాని మీద జడ వేసి, రండి మాస్టారూ, గెలిచి కోసుకోండి చూద్దాం అన్నాను. ఆటకే అన్నాను. ఆయన కూర్చున్న చోట్నించి లెగవనుకూడా లెగవలేదు. బనీను మీదున్నారు. భామ అలిగి, వాడు రానీలే అంటుందే, ఆ ఒక్క మాట పట్టారు. కోపంగా అన్నారు. నేనూ అన్నాను. ఏడుపు మింగి అన్నారు. నేనూ అన్నాను. తర్వాత నవ్వుతూ అన్నారు, ఆ నవ్వుకి నా ఒళ్ళు జలదరించింది. నాకు రాలేదు. ఇంకో రకంగా అన్నారు, ఇంకో రకంగా అన్నారు, నేను చూస్తా నిలబడ్డాను. కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నవ్వి బల్ల మీద పెట్టేశారు. పిల్లల జడలు మేం కొయ్యమమ్మా, అల్లుతాం, శనివారం కూడా నేనే అల్లుతాను అన్నారు. బట్టలు దులుపుకుని వెళ్ళిపోయారు. పొద్దున మీరంతా పెట్టె తీసి చూస్తారు, రజతోత్సవానికి జడ వెయ్యాల్సింది ఎవరో మీకే అర్థమవుద్ది అనుకున్నాను. నేనే కోశాను నాన్నా. ఓడిపోయింది నాకు తెలిసి కూడా, నన్ను గెలిచేవాళ్ళు ఈ సభలో లేరని ఆ జడ ఎట్టా విసరను?"